గడ్డి మైదానపు ఇల్లాలు

పదకొండో గ్రేడ్‌లో అమెరికన్ లిటరేచర్ అందరికీ తప్పనిసరి. మేము ఖమ్మం నుంచి అమెరికాలో క్యారీ అనే ఊరికి వచ్చి అప్పటికి ఏడాది దాటింది. స్కూల్లో పిల్లలు ఎక్కువై గదులు చాలక, వెనక ఖాళీ స్థలంలో చక్రాల మీద తెచ్చి నిలబెట్టిన రేకు గదుల్లో మా క్లాసు జరిగేది. వాటిని అందరూ ట్రెయిలర్లు అనేవాళ్ళు. వాన పడితే కప్పు మీద చప్పుడుకు టీచర్ మాట వినపడేది కాదు. రిటైర్మెంట్‌కు దగ్గరపడిన మనిషి ఆవిడ. గొంతు పెంచేది కాదు. వాన తగ్గేదాకా కుర్చీలో కూర్చుని, మమ్మల్ని తోచింది చదువుకోమనేది.

ఖమ్మంలో నేను ఇంగ్లిష్ మీడియంలోనే చదివాను. మార్కులు బాగానే వచ్చేవి. ఇక్కడ నోరు తెరిచేసరికి ఆ ఇంగ్లిష్ పనికి రాలేదు. చెప్పిన మాటనే రెండుసార్లు చెప్పించుకుంటే మూడోసారి చెప్పబుద్ధి కాదు. అందుకని క్లాసులో మాట్లాడేదాన్ని కాదు. పుస్తకాలు మాత్రం శ్రద్ధగా చదివేదాన్ని. ఆ ఏడాది పెద్ద నవలలు మూడు చదివాం. మూడూ పాతవే, ఈ దేశంలో స్కూలుకు వెళ్ళిన ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు చదివేవే. వాటిలో వాక్యాలు ఒక్కటీ గుర్తు లేవు. మనుషులు మాత్రం గుర్తున్నారు.

మొదటిది ఒక చెప్పుల దుకాణం గుమాస్తా కథ. రైలు ఆగే చిన్న ఊరు, ఊరికంతా కలిపి ఒకే పెద్ద వీధి. గుమాస్తా కుర్రవాడుగా ఉన్నప్పుడు ఆ దుకాణంలో చేరి, బట్టతల వచ్చేదాకా అక్కడే, వచ్చినవాళ్ళ పాదాల ముందు మోకాళ్ళ మీద కూర్చుని కొలతలు తీస్తుంటాడు. ఏదో ఒక రోజు యజమాని తనను భాగస్తుణ్ణి చేసుకుంటాడని అతని నమ్మకం. ఆ నమ్మకంతోనే పెళ్ళి చేసుకుంటాడు. ఆ నమ్మకంతోనే పక్క ఊళ్ళో వచ్చిన మంచి ఉద్యోగం వదులుకుంటాడు. చివరికి యజమాని దుకాణం ఎవరికో అమ్మేసి సముద్రం పక్క ఊరికి వెళ్ళిపోతాడు. కొత్తగా వచ్చినవాడికి ఇతను అక్కర్లేదు.

క్లాసులో అందరూ అతన్ని చూసి నవ్వారు. ఫుట్‌బాల్ టీమ్‌లో ఉండే ఒక కుర్రాడు, "వాడో మూర్ఖుడు. నోరు తెరిచి ఒక్కసారి అడిగితే సరిపోయేది," అన్నాడు. చాలామంది తల ఊపారు. నేను చెయ్యెత్తాను. ఆ క్లాసులో అదే మొదటిసారి.

"అతను మూర్ఖుడు కాదు. అతనికి వాళ్ళు చెప్పారు. చెప్పింది నమ్మాడు," అన్నాను.

టీచర్ నా బెంచి దగ్గరకు వచ్చింది. "ఎవరు చెప్పారు? ఎక్కడ చెప్పారో చూపించగలవా?" అంది. గొంతులో ఎగతాళి లేదు. వెతికి రేపు చెబుతానన్నాను.

ఇంటికి వచ్చి, బ్యాగ్ దించకుండా కార్పెట్ మీద కూర్చుని పేజీలన్నీ తిరగేశాను. యజమాని అతని భుజం తడతాడు. పండక్కి టర్కీ కోడి పంపిస్తాడు. నువ్వు లేకపోతే ఈ దుకాణం ఏమైపోతుందో అంటాడు. భాగం ఇస్తానన్న మాట మాత్రం ఆ నవల మొత్తంలో ఎక్కడా అతని నోటి నుంచి రాలేదు. నేను చదివాననుకున్నాను. అంత గట్టిగా ఎలా అనుకున్నానో నాకే అర్థం కాలేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నాన్న చాలా హుషారుగా ఉన్నాడు. ఆయన ఒక చిన్న కన్సల్టింగ్ కంపెనీ తరఫున పెద్ద కంపెనీల్లో ప్రాజెక్టులు చేసేవాడు. పులుసు కలుపుకుంటూ అమ్మతో అన్నాడు: "వచ్చే ఏడాది మా ఎంప్లాయర్ గ్రీన్‌కార్డ్ ఫైల్ చేస్తాడు. ఇంక నీ వర్క్ పర్మిట్‌కి కూడా దారి పడ్డట్టే."

"చేస్తానని అన్నాడా నాన్నా, నువ్వు అనుకుంటున్నవా?" అని అడిగాను.

"అన్నట్టే."

"అన్నట్టే అంటే?"

"మొన్న పార్టీలో భుజం మీద చెయ్యేసి యు ఆర్ ఫ్యామిలీ అన్నాడు. ఇంకేం అనాలి?"

అమ్మ నా వైపు చూసింది, తర్వాత ఆయన వైపు చూసింది. ఇంకొంచెం పులుసు వెయ్యనా అని అడిగింది.

మరుసటి రోజు టీచర్‌తో ఎక్కడా దొరకలేదని చెప్పాను. ఆవిడ తల ఊపి, "అయినా నీకు చెప్పినట్టే అనిపించింది చూశావా. అతనికీ అలాగే అనిపించింది," అంది.

ఇక్కడ అమ్మ సంగతి చెప్పాలి. ఖమ్మంలో ఆమె ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో బాటనీ లెక్చరర్. ఆదివారాలు కూడా మా ఇంటి నిండా విద్యార్థినులే. ఎండబెట్టిన కొమ్మలూ ఆకులూ అట్టల మీద అంటించుకుని, పేర్లు సరిచూపించుకోవడానికి వచ్చేవాళ్ళు. క్యారీలో అమ్మది నాన్న వీసా మీద ఆధారపడిన వీసా. దాని మీద ఉద్యోగం చేయకూడదు. మా అపార్ట్‌మెంట్ ముందు రోడ్డుకు ఫుట్‌పాత్ లేదు, అటు బస్సు రాదు. ఉన్న ఒక్క కారు నాన్న పొద్దున్నే తీసుకుపోతాడు. నేను స్కూలు నుంచి వచ్చేదాకా అమ్మ ఆ రెండు గదుల్లోనే ఉండేది.

వచ్చిన కొత్తలో బాగానే ఉంది. కాంప్లెక్స్ చుట్టూ మొలిచిన కలుపు మొక్కల్ని కోసుకొచ్చి, ఇంటికి ఊరికే వచ్చే లావుపాటి టెలిఫోన్ డైరెక్టరీలో పేజీకొకటి పెట్టి ఆరబెట్టేది. ఒక్కోదాని గురించి నాకు చెప్పేది. తర్వాతి వేసవిలో పచ్చిక చూసుకునేవాళ్ళు వచ్చి కలుపు మందు కొట్టారు. గడ్డి తప్ప ఇంకేమీ మిగల్లేదు. అమ్మ కొన్నాళ్ళు బాల్కనీలోంచి చూసి ఆ పని మానేసింది.

రెండో నవల మొదలుపెట్టిన వారంలో నాకు జ్వరం వచ్చింది. పుస్తకం సోఫా మీద పడి ఉంటే అమ్మ తీసి చదవడం మొదలుపెట్టింది. అది గడ్డి మైదానాల కథ. భర్త కొత్త భూమి కోసం భార్యను వెంటబెట్టుకుని చెట్టన్నదే లేని చోటికి వెళ్తాడు. ఆమె పుట్టిన ఊరు అడవి అంచున ఉంటుంది. ఇక్కడ కనుచూపు మేర గడ్డి, దాని మీద గాలి. భర్త పొద్దున్నే పొలానికి పోతాడు. ఆమె ఇల్లు ఊడుస్తుంది, రొట్టె కాలుస్తుంది, బల్ల మీద చుట్టాలకు కూడా సరిపడా పళ్ళేలు పెడుతుంది. చుట్టాలెవరూ రారు. పళ్ళేలు మళ్ళీ తీసి లోపల పెడుతుంది. పోనుపోను ఆమె మాట తగ్గిపోతుంది. చివరికి భర్త ఆ భూమి కూడా కలిసిరాలేదని ఇంకా పడమటికి బయల్దేరతాడు. బండి సిద్ధం కాగానే ఆమె ఎవరూ పిలవకుండానే వచ్చి ఎక్కి కూర్చుంటుంది. అంతే కథ.

అమ్మ నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేది. తెలియని మాట వస్తే పెన్సిల్‌తో పక్కనే తెలుగులో అర్థం రాసుకునేది. అది స్కూలు పుస్తకం. రోజూ క్లాసుకు ముందు రబ్బరుతో అవన్నీ చెరిపేదాన్ని. అయినా కొన్ని మిగిలిపోయేవి. ఒకరోజు టీచర్ నా పుస్తకం చేతిలోకి తీసుకుని ఆ అక్షరాలు చూసింది.

"ఇవి నీవేనా?"

"మా అమ్మవి. ఆమె కూడా చదువుతోంది."

టీచర్ ముఖం వెలిగింది. పేరెంట్స్ వచ్చే సాయంత్రం అమ్మను తప్పకుండా తీసుకురమ్మంది.

క్లాసులో ఆ ఇల్లాలి మీద పెద్ద వాదన జరిగింది. ఆమెకు పిచ్చి అన్నారు కొందరు. భర్త దుర్మార్గుడు అన్నారు ఇంకొందరు. నా పక్క సీట్లో కూర్చునే నల్లజాతి అమ్మాయి అప్పటిదాకా ఏమీ అనలేదు. "ఖాళీ భూమి, ఖాళీ భూమి అంటున్నారు. వీళ్ళు రాకముందు అక్కడ ఎవరున్నారో ఈ పుస్తకంలో ఒక్కళ్ళూ అడగరు. వీళ్ళ బాధ నన్నెందుకు పడమంటారు?" అంది. నాకు ఆ ఆలోచనే రాలేదు. వచ్చాక ఆ నవల ఇంకా బోసిగా కనిపించింది.

తనను తాను ఆమె కాపాడుకోగలిగేదా అన్నది మాకిచ్చిన వ్యాసం. కాపాడుకోగలిగేదని రాశాను. రెండు మైళ్ళ అవతల ఇంకో ఇల్లుంది. వాళ్ళ పిల్లలకు అక్షరాలు నేర్పొచ్చు. తోట వేసుకోవచ్చు. ఆమె ప్రయత్నం చేయలేదు, కూర్చుండిపోయింది అని రాశాను. పదహారేళ్ళ వయసులో కూర్చుండిపోయే మనుషుల మీద నాకు ఓపిక లేదు. మంచి మార్కు వచ్చింది.

అమ్మ ఆ వ్యాసం చదివింది. డైనింగ్ టేబుల్ దగ్గర చిక్కుడుకాయలు తుంచుతూ అన్నది: "మంచిగ రాసినవు. ఇంగ్లిష్ చాలా బాగుపడ్డది."

"మరి ఒప్పుకుంటవా?"

"రెండు మైళ్ళు పోవాలన్నా బండి ఆయన కట్టాలె కదా."

"నడవొచ్చు కదమ్మా."

"ఒకరోజు నడుస్తది. పోయి ఏం చెప్తది? నేను ఊరికే వచ్చిన అంటదా?" ఇంకో చిక్కుడుకాయ తీసుకుంది. "ఆమెకు పిచ్చి కాదు, ఏం కాదు. చేసేందుకు పని లేదు. ఆ రాసినాయన ఆమెకు ఒక్క పని కూడా ఇయ్యలేదు. ఊడ్చుడు, వండుడు పనేనా? ఇవ్వాళ చేసింది రేపటికి ఉండదు. ఉండే పని ఒకటి ఇస్తే ఆమె మంచిగనే ఉంటుండె."

ఆ మాటే టీచర్‌ను అడుగుతానంది. పేరెంట్స్ సాయంత్రానికి సూట్‌కేస్ అడుగు నుంచి కాలేజీకి కట్టుకునే గద్వాల చీర తీసి ఇస్త్రీ చేసుకుంది. దారి పొడవునా ఆ ప్రశ్నను ఇంగ్లిష్‌లో ఎలా అడగాలో కారులో నాతో సరిచూసుకుంది. నాన్న డ్రైవ్ చేస్తూ, "అక్కడ గ్రేడ్స్ గురించి అడుగు, నవల గురించి ఎందుకు," అన్నాడు.

బయట వరుసలో చాలామంది ఉన్నారు. ఒక్కొక్కళ్ళకూ ఐదు నిమిషాలు. మా వంతు రాగానే టీచర్ లేచి అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. నేను బాగా చదువుతున్నానని, ఇంకొంచెం మాట్లాడాలని చెప్పింది. నాన్న కాలేజీ అడ్మిషన్ల గురించి అడిగాడు. దానికి చాలాసేపు పట్టింది. తర్వాత అమ్మ గొంతు సవరించుకుని తన ప్రశ్న అడిగింది. ఒక్క తప్పు లేకుండా అడిగింది. రచయిత ఆమెకు ఒక పని ఎందుకు ఇవ్వలేదు అని.

"ఎంత అద్భుతమైన ప్రశ్న," అంది టీచర్. నిజంగానే అంది, మాట వరసకు కాదు. జవాబు చెప్పడానికి ముందుకు వంగింది కూడా. అప్పటికే తలుపు దగ్గర వెనకవాళ్ళు లోపలికి అడుగుపెట్టారు. టీచర్ వాళ్ళను చూసి, అమ్మను చూసి, ఇబ్బందిగా నవ్వింది. దీని గురించి మనం తీరిగ్గా మాట్లాడుకోవాలి అంది. మేం బయటికి వచ్చేశాం.

కారులో అమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఇల్లు వచ్చే ముందు, "మంచామె," అన్నది. ఆ తీరిక ఎప్పుడూ రాలేదు. ఎలా వస్తుంది?

ఆ చలికాలం నాన్న ప్రాజెక్టు ఆగిపోయింది. మాంద్యం వచ్చి అప్పుడు అందరివీ ఆగిపోతున్నాయి. భుజం మీద చెయ్యేసిన యజమాని ఫోన్ ఎత్తడం తగ్గించాడు. గ్రీన్‌కార్డ్ మాట ఎవరూ ఎత్తలేదు. కొన్ని వారాలు నాన్న లాప్‌టాప్ ముందేసుకుని ఇంట్లో కూర్చున్నాడు. ఆ వారాల్లో ఇంట్లో ముగ్గురం ఒకరికొకరం అడ్డంగా తిరిగాం. చివరికి ఇంకో కంపెనీ ద్వారా రెడ్‌మండ్‌లో కాంట్రాక్ట్ దొరికింది. దేశానికి ఆ చివర. నా చదువు మధ్యలో ఆగకూడదని నన్నూ అమ్మనూ క్యారీలోనే ఉంచి ఆయన ఒక్కడే వెళ్ళాడు. అక్కడ నలుగురితో కలిసి ఒక గదిలో ఉండేవాడు.

వెళ్ళేముందు కారు తాళాలు అమ్మ చేతిలో పెట్టి, "ఈ లోపల డ్రైవింగ్ నేర్చుకో," అన్నాడు. ఒక తెలుగు ఆంటీ రెండు మూడు శనివారాలు వచ్చి నేర్పింది. ఒకసారి హైవే మీద లారీ పక్కనుంచి పోతే అమ్మ స్టీరింగ్ వదిలేసి చెవులు మూసుకుంది. ఆంటీ మళ్ళీ రాలేదు. తర్వాత కారు నేనే నేర్చుకున్నాను.

నేను క్లాసు నుంచి తెచ్చిన మూడో నవల అమ్మ ముట్టుకోలేదు. కళ్ళు లాగుతున్నయ్ అన్నది. కొద్దిరోజులకు టీవీ చూడటం మానేసింది. ఖమ్మం నుంచి ఆమె పాత కొలీగ్ ఫోన్ చేస్తే, నిద్రపోతోందని చెప్పమని నాకు చేత్తో సైగ చేసేది. నేను స్కూలు నుంచి వచ్చేసరికి పొద్దున ఎలా చూశానో అలాగే, అదే నైటీలో, అదే మంచం అంచున ఉండేది. అన్నం నేను వండటం మొదలుపెట్టాను. "ఉప్పు సరిపోయిందా అమ్మా?" అంటే "సరిపోయింది," అనేది. ఉప్పు మర్చిపోయిన రోజు కూడా అదే మాట అన్నది.

తెలుగువాళ్ళు మంచివాళ్ళే. మొదట్లో డబ్బాల్లో కూరలు తెచ్చారు. ఒక ఆంటీ, "గుడికి రండి, భజనలో కూర్చుంటే మనసు తేలిగ్గా ఉంటుంది," అని తీసుకెళ్ళింది. అమ్మ ఒక్కసారే వెళ్ళింది. డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. డాక్టర్ అడిగినవాటిని అమ్మకు తెలుగులో చెప్పాలి. బతకాలని లేదని ఎప్పుడైనా అనిపించిందా అని అడిగాడు. ఆ ప్రశ్న నా నోటితో అమ్మను అడిగాను. అమ్మ నన్ను చాలాసేపు చూసి, "చిన్నపిల్లతోటి అడిగిస్తున్నడేందమ్మా," అన్నది. డాక్టర్‌కు లేదని చెప్పాను. మాత్రలు రాశాడు. కొన్ని నెలలు వేసుకుంది. వాటితో ఎక్కువ నిద్రపోయేది, అంతే.

నాన్న రోజూ ఫోన్ చేసేవాడు. "హోమ్‌సిక్. అందరికీ ఉండేదే. గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ మొదలైతే అదే సర్దుకుంటది," అనేవాడు. ఆయన్ను కోప్పడాలనిపించేది. స్పీకర్‌లో వెనక నుంచి ఆ గదిలో ఇంకో నలుగురి మాటలు, కుక్కర్ చప్పుడు వినపడేవి. అన్నం తిన్నవా నాన్నా అని అడిగేదాన్ని.

మూడో నవలలో ఒక అమ్మాయి ఉంటుంది. పాల డెయిరీ ఉన్న పొలం, జబ్బు తల్లి, చిన్న తమ్ముళ్ళు. ఒకరోజు పొద్దున పాలు పితికి, బకెట్ గుమ్మం దగ్గర పెట్టి, నడుచుకుంటూ స్టేషన్‌కు పోయి రైలెక్కుతుంది. నగరంలో బట్టల మిల్లులో చేరుతుంది. కష్టాలు పడుతుంది, పెద్దదవుతుంది. ఇంటికి మళ్ళీ పోదు. క్లాసులో ఆమె అందరికీ నచ్చింది. ఫుట్‌బాల్ కుర్రాడికి కూడా నచ్చింది. ధైర్యం అన్నారు, స్వేచ్ఛ అన్నారు.

నాకు ఆమె మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. అచ్చులో ఉన్న మనిషిని అంతగా అసహ్యించుకోవచ్చని అప్పటిదాకా తెలియదు. వ్యాసంలో ఆమెను చీల్చి చెండాడాను. ఆ బకెట్ ఎవరెత్తారు, తల్లికి నీళ్ళెవరిచ్చారు, రచయిత ఆ ఇంటి వైపు మళ్ళీ ఎందుకు చూడలేదు అని నాలుగు పేజీలు రాశాను. టీచర్ దానిమీద ఒకే వాక్యం రాసి ఇచ్చింది: ఆ అమ్మాయి మీద ఈ నవలకు లేని కోపం నీకెందుకు?

ఆ రోజుల్లోనే తోటివాళ్ళంతా దూరపు కాలేజీల గురించి మాట్లాడుకునేవాళ్ళు. నా పక్క సీటు అమ్మాయి ఉత్తరాన ఒక రాష్ట్రంలో, మంచు బాగా పడే ఊళ్ళో కాలేజీ చూసుకుంది. నన్నూ రమ్మంది. ఇద్దరం రూమ్‌మేట్స్‌గా ఉందామంది. ఆ కాలేజీ బొమ్మల పుస్తకం నాకిచ్చింది. ఎర్ర ఇటుకల గోడలు, మెట్ల మీద కూర్చుని చదువుకునే పిల్లలు. స్కూలు అయిపోయాక నేను ఇంటి నుంచి ఇరవై నిమిషాల్లో వెళ్ళి రాగలిగే యూనివర్సిటీలో చేరాను. ఇంగ్లిష్ చదవాలని ఉండేది, ఎవరితోనూ అనలేదు. చుట్టూ ఉన్న మందుల కంపెనీల్లో ఉద్యోగాలు దొరుకుతాయని స్టాటిస్టిక్స్ తీసుకున్నాను. ఇరవయ్యొక్కేళ్ళు నిండగానే నాన్న వీసా నాకు వర్తించదు కాబట్టి, ఇండియా నుంచి కొత్తగా వచ్చిన విద్యార్థులతో పాటు నేనూ స్టూడెంట్ వీసాకు మారాను. వాళ్ళలో ఒకడు, "ఎప్పుడొచ్చారండీ మీరు?" అని అడిగాడు. ఈ మధ్యే అన్నాను.

నేను కాలేజీలో చేరిన కొత్తలోనే నాన్న క్యారీకి తిరిగి వచ్చాడు. ఈసారి వేరే కంపెనీ నిజంగానే గ్రీన్‌కార్డ్ ఫైల్ చేసింది. అది ఒక మెట్టు దాటి, ఇండియా వాళ్ళ పొడవాటి వరుసలో ఆగింది. ఆగిన చోటే ఏళ్ళు గడిచాయి. అమ్మ మంచం మీద నుంచి లేచింది, వంట చేసేది, ఎవరైనా వస్తే టీ ఇచ్చేది. చూసినవాళ్ళు తేరుకుందనుకునేవాళ్ళు. ఇంట్లో ఉండేవాళ్ళకు తెలుసు. అడిగినదానికి జవాబు చెబుతుంది, అడగనిది ఏదీ మాట్లాడదు.

తర్వాత రెండు వేల పదిహేనులో కొత్త రూల్ వచ్చింది. గ్రీన్‌కార్డ్‌లో ఆ మెట్టు దాటినవాళ్ళ భార్యలు ఉద్యోగం చేసుకోవచ్చు. తెలుగు ఇళ్ళన్నిట్లో అదే మాట. నాన్న జిలేబీలు తెచ్చాడు. "ఇంక నిన్ను ఆపేవాడు లేడు," అన్నాడు అమ్మతో. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మాట కోసం ఆయన కూడా ఎదురుచూశాడని అప్పుడు తెలిసింది.

పర్మిట్ వచ్చాక లాబ్‌లకు, కాలేజీలకు అప్లై చేశాం. ఎక్కడి నుంచీ పిలుపు లేదు. మధ్యలో ఇన్నేళ్ళు ఏం చేశారని ఒకచోట ఫోన్‌లో అడిగారు. అమ్మ ఫోన్ నాకిచ్చింది. చివరికి ఇంటి సామాన్లమ్మే ఒక పెద్ద దుకాణంలో, మొక్కలమ్మే విభాగంలో పని దొరికింది. మొక్కల మధ్యే కదా అని నేనూ నాన్నా సంతోషపడ్డాం. నేను పొద్దున దింపి సాయంత్రం తీసుకొచ్చేదాన్ని. దుకాణం వాళ్ళిచ్చిన ఏప్రన్ చీర మీద కుదరక, చుడీదార్ మీద కట్టుకునేది.

ఒక శనివారం నేను ముందే వెళ్ళి దూరం నుంచి చూశాను. ఒక అమెరికన్ ఆవిడ పూల కుండీ చేతిలో పట్టుకుని ఏదో అడుగుతోంది. అమ్మ చెబుతోంది. చేతులు తిప్పుతూ, ఆకు వెనక్కి తిప్పి చూపిస్తూ, ఆ మొక్క ఏ కుటుంబానిదో, దాని చుట్టాలు ఏ ఏ దేశాల్లో ఉన్నాయో చెబుతోంది. ఎన్నేళ్ళ తర్వాతో అమ్మ గొంతు అంత దూరం వినపడింది. ఆవిడ మర్యాదగా విని, "అయితే దీన్ని ఎండలో పెట్టాలా, నీడలోనా?" అని అడిగింది.

అమ్మ చేతులు కిందికి దించింది. "ఎండలో," అంది. ఆవిడ థ్యాంక్స్ చెప్పి కుండీ తోపుడు బండిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ వేసవంతా పనిచేసింది. నీళ్ళు పట్టడం, వాడిపోయినవాటిని ఏరి వెనక ఉన్న పెద్ద చెత్త డబ్బాలో పడేయడం. బతికేవి కూడా పడేయమంటారు, అమ్ముడుపోని మొక్క ఉంచకూడదంట అని ఒకసారి చెప్పింది. సెప్టెంబర్‌లో ఒకరోజు కారెక్కి, సీటు బెల్ట్ పెట్టుకుని, "ఇవ్వాళ్టితోటి మానేసిన," అన్నది.

"ఎవరన్నా ఏమన్నా అన్నరా?"

"లేదు. అందరు మంచోళ్ళే."

"మరి?"

పార్కింగ్ లాట్ దాటి రోడ్డెక్కాక చెప్పింది.

"పని దొరికితే మంచిగైతననుకున్న. ఇన్నేండ్లు అదే అనుకున్న. పని లేదు కాబట్టే ఇట్లున్న అని. ఇప్పుడు పని దొరికింది కదా."

ఆమె తర్వాతి మాట అంటుందని చూశాను. అనలేదు. కమ్యూనిటీ కాలేజీలో చూద్దామా, ఎలిమెంటరీ స్కూల్లో పిల్లలకు సాయంగా ఉంటావా అని అడిగాను. అడుగుతున్నప్పుడే నా గొంతు నాకు నాన్న గొంతులా వినిపించింది.

"వద్దమ్మా. ఇంటికి పోదాం," అన్నది.

నాన్నకు సంగతి చెబితే, అలిసిపోయి ఉంటది, కొన్నాళ్ళు రెస్ట్ తీసుకోనీ, తర్వాత చూద్దాం అన్నాడు. ఆ సాయంత్రం వంట నేను చేశాను. అమ్మ తిన్నది, తన పళ్ళెం కడిగి బోర్లించింది, చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళి పడుకుంది. బయట ఇంకా వెలుతురుంది. కింద పచ్చికలో ఎవరి పిల్లలో సైకిళ్ళు తొక్కుతున్నారు.